మట్టి నుంచి రాయి దాకా: హారియట్ హోస్మర్ బాటలో ఒక తల చేద్దాం

కాలిఫోర్నియాలో శాన్ మరీనో అనే ఊళ్లో హంటింగ్టన్ ప్రదర్శనశాల ఉంది. అక్కడ ఒక పాలరాతి రాణి నిలబడి ఉంటుంది. ఏడడుగులకు దగ్గర ఎత్తు, తల మీద కిరీటం, చేతులకు సంకెళ్లు, నేల వైపు వాలిన చూపు. ఆమె ఇప్పటి సిరియాలో ఉన్న పామైరా అనే ప్రాచీన రాజ్యపు రాణి జెనోబియా. రోమ్ చక్రవర్తి ఆరేలియన్ ఆమెను ఓడించి, బందీగా తెచ్చి, రోమ్ వీధుల్లో ఊరేగించాడు. ఆ ఊరేగింపులో నడుస్తున్న రాణిని 1859లో రూపుకట్టిన శిల్పి హారియట్ హోస్మర్. మసాచుసెట్స్ రాష్ట్రంలోని వాటర్‌టౌన్‌లో 1830లో పుట్టిన అమెరికన్. ఈ పని చేసేనాటికి ఆమెకు ముప్పై ఏళ్లు నిండలేదు.

1862లో ఈ విగ్రహాన్ని లండన్ అంతర్జాతీయ ప్రదర్శనలో పెట్టారు. ఆ మరుసటి ఏడాది ఇంగ్లండు పత్రికల్లో ఒక అపవాదు అచ్చయింది. ఇది ఆమె చేసింది కాదట, రోమ్‌లో ఒక ఇటాలియన్ పనివాడు చేశాడట. హోస్మర్ ఊరుకోలేదు. పరువునష్టం కింద న్యాయపోరాటానికి దిగి, తప్పయిందని వాళ్ల చేత అచ్చు వేయించింది. అంతటితో ఆగకుండా 1864 డిసెంబరు అట్లాంటిక్ మంత్లీ పత్రికలో ఒక వ్యాసం రాసింది. పాలరాతి విగ్రహం మొదటి మట్టి ముద్ద నుంచి చివరి మెరుగు దాకా ఎవరెవరి చేతుల మీదుగా వస్తుందో అందులో దశల వారీగా వివరించింది.

జెనోబియా ముందు మొదటిసారి నిలబడినప్పుడు నా మనసులోనూ అదే ప్రశ్న వచ్చింది: ఈమె దీన్ని తన చేత్తోనే చెక్కిందా? ఎంత చదివినా నాకు పూర్తిగా తృప్తి కలగలేదు. ఒక చిన్న తలను మట్టిలో చేసి, ప్లాస్టర్‌లో పోతపోసి, దాని కొలతలను ఒక దిమ్మలోకి ఎక్కించి చెక్కాక గాని సంగతి అర్థం కాలేదు. నేను శిల్పకళ చదువుకున్నదాన్ని కాదు. పన్నెండేళ్లుగా మట్టి పని చేస్తున్నాను, ఆరేళ్లుగా శనివారాలు మా గ్యారేజీలో పిల్లలకు నేర్పుతున్నాను. రోజుకు గంట చొప్పున కేటాయిస్తే ఇక్కడ చెప్పే పని నెలన్నరలో పూర్తవుతుంది.

మట్టి తాకే ముందు మూడు రోజులు

హోస్మర్ తల్లిని, తోబుట్టువులను క్షయ పొట్టనబెట్టుకుంది. తండ్రి హైరమ్ వైద్యుడు. మిగిలిన ఈ ఒక్క పిల్లనైనా బతికించుకోవాలని ఆమెను ఇంటి నాలుగు గోడల మధ్య పెంచలేదు. పడవ నడపడం, గుర్రపు స్వారీ, తుపాకి పేల్చడం నేర్పించాడు. ఆ పిల్ల శిల్పి కావాలనుకుంది. నగ్నదేహాన్ని చూసి గీసే తరగతుల్లోకి ఆడవాళ్లను రానివ్వని కాలం అది. శరీరనిర్మాణం నేర్చుకుందామంటే బోస్టన్ వైద్య కళాశాలలు చేర్చుకోలేదు. అప్పుడు తన స్నేహితురాలి తండ్రి వేమన్ క్రో సాయంతో మిస్సోరిలోని సెయింట్ లూయిస్ వెళ్లి, డాక్టర్ జోసెఫ్ మెక్‌డోవెల్ దగ్గర చదువుకుంది. ఆ రోజుల్లోనే మిసిసిపీ నది మీద ప్రయాణిస్తూ, పందెం కట్టి అయోవాలో ఒక కొండ ఎక్కింది. లాన్సింగ్ ఊరి పక్కనున్న ఆ కొండను ఇప్పటికీ మౌంట్ హోస్మర్ అంటారు.

ఒక తల చేయడానికి ఎముకల గురించి తెలుసుకోవడం కోసం ఆమె సుమారు వెయ్యి మైళ్లు వెళ్లింది. మీరు అద్దం దాకా వెళ్తే చాలు. మూడు రోజుల పాటు మట్టి ముట్టుకోకండి. కళ్లు మూసుకుని మీ ముఖాన్ని వేళ్లతో తడమండి. కనుబొమ కింద ఎముక అంచు ఎక్కడ మొదలై ఎక్కడ తిరుగుతుంది, చెంప ఎముక చెవి వైపు ఎలా సాగుతుంది, దవడ మూల ఎక్కడ ఉంది చూడండి. ఇప్పుడు కొలవండి. నడినెత్తి నుంచి గడ్డం దాకా ఉన్న ఎత్తులో కళ్లు సరిగ్గా సగంలో ఉంటాయి. కొత్తగా మొదలుపెట్టే ప్రతి ఒక్కరూ కళ్లను పైకి పెడతారు, నుదురు కురచ చేస్తారు. చెవి ఎత్తు సుమారుగా కనుబొమ నుంచి ముక్కు అడుగు దాకా. పక్క నుంచి చూస్తే తల వెనకభాగం మనం అనుకున్నదానికన్నా చాలా లోతు. ఈ మూడూ మనసుకు పట్టాకే రెండో దశకు రండి.

చట్రం, మట్టి

ఆరంగుళాల తలకు ఏడెనిమిది పౌండ్ల నీటి బంకమట్టి సరిపోతుంది. నూనె కలిపిన మట్టి వద్దు. తడి ఆరనివ్వకుండా కాపాడుకోవడం ఈ పనిలో నేర్చుకోవలసిన పాఠాల్లో ఒకటి. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న ఒక చెక్క పలక తీసుకుని, మధ్యలో ఆరంగుళాల ఇనుప గొట్టం నిలబెట్టి, పైన అల్యూమినియం తీగను కోడిగుడ్డు ఆకారంలో రెండు చుట్లు కట్టండి. చుట్ల లోపల రెండు పుల్లలను అడ్డంగా కట్టి, సన్నటి తీగతో వేలాడదీయండి. తడి మట్టి బరువుకు కిందికి జారుతుంది, ఆ పుల్లలే దాన్ని పట్టి ఉంచుతాయి. నా మొదటి తల గడ్డం రాత్రికి రాత్రి ఛాతీ మీదికి దిగిపోయింది. పుల్లలు లేకపోవడమే కారణం.

మట్టిని బొటనవేలితో గట్టిగా నొక్కుతూ పెట్టండి, లోపల గాలి ఉండకూడదు. మొదట పుర్రె, తర్వాత మెడ, ఆ తర్వాత కంటి గుంటలు. పెదవులు, కనురెప్పలు ఆఖరున. ఒక వైపే ఎక్కువసేపు చూస్తూ కూర్చోకండి, పది నిమిషాలకోసారి పలకను తిప్పండి. పని ఆపగానే తడిగుడ్డ కప్పి, పైన ప్లాస్టిక్ సంచి తొడగండి. గుడ్డ ముఖానికి అంటుకోకుండా నెత్తి మీద నాలుగు పుల్లలు గుచ్చి, వాటి మీద కప్పాలి. ఒకసారి నేను నాలుగు రోజులు ఊరెళ్లి వచ్చేసరికి ముక్కు పక్కన పగుళ్లు వచ్చాయి. నీళ్లు చల్లి అతికించినా అవి అచ్చు తీసేటప్పుడు మళ్లీ విచ్చుకున్నాయి. పగిలిన చోటును పూర్తిగా తవ్వి, కొత్త మట్టి పెట్టడమే మార్గం.

హోస్మర్ 1852లో రోమ్ చేరి, వేల్స్‌లో పుట్టిన బ్రిటిష్ శిల్పి జాన్ గిబ్సన్ దగ్గర శిష్యురాలైంది. ఈయన ఆ కాలపు మేటి శిల్పులైన కనోవా, థార్వాల్డ్‌సెన్‌ల దగ్గర నేర్చుకున్నవాడు. ఆ శిల్పశాలల్లో పద్ధతి ఇది: శిల్పి మొదట చిన్న నమూనా చేస్తారు. దాని ప్రకారం కమ్మరి పెద్ద ఇనుప చట్రం కడతాడు, పనివాళ్లు దాని మీద మట్టి పేరుస్తారు. అప్పుడు శిల్పి నిచ్చెన ఎక్కి, ఆ మట్టి కుప్పలోంచి మనిషిని తీస్తారు. నెలల తరబడి సాగేది ఈ భాగమే. మీరు ఆరంగుళాల తల మీద మూడు వారాలు గడిపాక, ఏడడుగుల రాణి మట్టిలో ఉన్నన్నాళ్లు ఆ మనిషి భుజాలు, మెడ ఎలా నొప్పి పెట్టి ఉంటాయో మీకే తెలుస్తుంది.

అచ్చు

నాకు అన్నిటికన్నా ఇష్టమైన దశ ఇదే. భయపెట్టేదీ ఇదే. మట్టి తల ఇక్కడ పోతుంది. అచ్చు విప్పాక దాన్ని ముక్కలుగా తవ్వి తీయాలి. అచ్చు కూడా ఒక్కసారికే పనికొస్తుంది, పోత పోశాక దాన్నీ పగలగొట్టాలి.

పల్చటి రేకును అంగుళంన్నర ముక్కలుగా కత్తిరించండి. చెవుల వెనక నుంచి నడినెత్తి మీదుగా ఒక గీత ఊహించుకుని, ఆ గీత వెంట రేకు ముక్కలను ఒకదాన్నొకటి ఆనుకునేలా మట్టిలో గుచ్చండి. గోడలా నిలబడాలి. తల ఇప్పుడు ముఖం, వెనకభాగం అని రెండుగా విడిపోయింది.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కలపడానికి పొడిలో నీళ్లు పోయకూడదు, నీళ్లలో పొడి చల్లాలి. తూకంలో రెండు పాళ్లు నీటికి మూడు పాళ్లు పొడి. గుప్పెడు గుప్పెడు జల్లుతూ పోతే, నీటి మీద తేలే పొడి చిన్న చిన్న దీవుల్లా నిలుస్తుంది. అప్పుడు ఆపి, నిమిషం నాననిచ్చి, చేతి తొడుగు వేసుకుని బుడగలు రాకుండా అడుగు నుంచి కలపండి. ముక్కుకు మాస్కు తప్పనిసరి. మిగిలిన ప్లాస్టర్‌ను తూములో పోయకండి, లోపలే గట్టిపడి గొట్టం మూసుకుపోతుంది.

మొదటి పూతకు నీళ్లలో కొద్దిగా నీలిమందు కలపండి. లేత నీలం వస్తే చాలు. ఆ నీలి ప్లాస్టర్‌ను కుంచెతో కంటి మూలల్లోకి, ముక్కు పుటాల్లోకి చిమ్ముతూ, తలంతా పావు అంగుళం కన్నా తక్కువ మందంలో పరవండి. అది గట్టిపడ్డాక మట్టి కలిపిన నీళ్లు అక్కడక్కడ పూసి, పైన తెల్ల ప్లాస్టర్ అంగుళం మందం వేయండి. ఈ రంగు ఎందుకో తర్వాత తెలుస్తుంది.

అరగంటలో అచ్చు వేడెక్కి, మళ్లీ చల్లబడుతుంది. రేకుల అంచు కనబడేలా గీకి, అతుకు వెంట నీళ్లు పోస్తూ, కొయ్య ముక్కను కొద్దికొద్దిగా దూర్చండి. మట్టి నీళ్లు పీల్చి వదులవుతుంది. రెండు సగాలు విడిపోయినప్పుడు ఒక మెత్తని చప్పుడు వస్తుంది, మీకు ఊపిరి ఆగుతుంది. లోపలి మట్టిని వేళ్లతో తీసి, కుంచెతో కడిగి, సబ్బు నురుగు మూడుసార్లు పూసి తుడిచి, చివర ఒక చుక్క నూనె రాయండి. సబ్బు తప్పితే పోత అచ్చుకు అతుక్కుని ఇక రాదు. రెండు సగాలు కలిపి తాడుతో బిగించి, తలకిందులుగా పెట్టి, మెడ వైపు నుంచి తెల్ల ప్లాస్టర్ పోయండి.

గంట తర్వాత మొద్దు ఉలి, తేలికైన సుత్తి తీసుకోండి. తెల్లని పైపొర పెచ్చులుగా రాలుతుంది, అక్కడ ధైర్యంగా కొట్టవచ్చు. నీలం కనబడగానే చెయ్యి నెమ్మదించాలి. దాని కింద అర వేలు దూరం కూడా లేకుండా మీ శిల్పం ఉంది. నీలి పెంకు ఊడి, ముక్కు కొన తెల్లగా బయటపడే ఆ క్షణం కోసమే మా శనివారపు పిల్లలు వారాల తరబడి ఎదురుచూస్తారు.

ఒక హెచ్చరిక. 1853లో హోస్మర్ రోమ్‌లో కవిదంపతులు రాబర్ట్, ఎలిజబెత్ బ్రౌనింగ్‌ల చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండగా అచ్చు తీసింది. అచ్చుపోసే పనివాడైతే వద్దని, హోస్మర్ స్వయంగా తీస్తేనే చేయి చాపుతానని ఎలిజబెత్ షరతు పెట్టింది. ఆ అచ్చు నుంచి కంచులో పోసిన చేతులు చూసి మీకూ అలా చేయాలనిపించవచ్చు. చేతిని ప్లాస్టర్‌లో ముంచి ఉంచకండి. గట్టిపడేటప్పుడు అది చర్మాన్ని కాల్చేంత వేడెక్కుతుంది. చేతి అచ్చులకు పళ్ల వైద్యులు వాడే ఆల్జినేట్ ఉంది, అది వాడండి.

మూడు మేకులు, ఒక సూది

ఇప్పుడు పాలరాతికి బదులుగా ఒక దిమ్మ కావాలి. తలకన్నా అన్ని వైపులా అంగుళం పెద్దదైన అట్టపెట్టెలో ప్లాస్టిక్ పరచి, ప్లాస్టర్‌లో సగానికి సగం వర్మిక్యులైట్ కలిపి పోయండి. తోటపని దుకాణాల్లో దొరికే తేలికైన గుళికలు అవి. దిమ్మ మెత్తగా, ఉలికి లొంగేలా వస్తుంది.

పోతపోసిన తల కొలతలను దిమ్మలోకి ఎక్కించడానికి మూడు స్థిర బిందువులు చాలు. నడినెత్తి మీద ఒకటి, పీఠానికి కుడి ఎడమల ముందువైపు ఒక్కొక్కటి. అక్కడ, పైభాగంలో చిన్న గుంట ఉన్న స్క్రూలు బిగించండి. దిమ్మ మీదా అవే దూరాల్లో, అదే త్రికోణంలో మూడు స్క్రూలు బిగించండి. వెంట్రుకవాసి తేడా కూడా ఉండకూడదు, ఇక్కడ ఒక సాయంత్రమంతా పట్టినా పట్టనివ్వండి. కాళ్లలా మూడు మేకులు ఉన్న ఒక కొయ్య చట్రం చేసి, ఆ మేకులు ఈ మూడు గుంటల్లో కూర్చునేలా చూసుకోండి. చట్రానికి ఎటైనా తిప్పి బిగించగల చెయ్యి ఒకటి, దాని చివర సన్నటి గొట్టం, గొట్టంలో అల్లిక సూది, సూది మీద బట్టల క్లిప్పు.

చట్రాన్ని పోత మీద పెట్టండి. సూది కొనను ముక్కు కొనకు తాకించి, క్లిప్పును గొట్టం అంచుకు ఆనించి బిగించండి. సూదిని వెనక్కి లాగి, చట్రాన్ని ఎత్తి దిమ్మ మీద కూర్చోబెట్టండి. సూదిని ముందుకు తోస్తే దిమ్మకు తగిలి ఆగుతుంది. క్లిప్పుకూ గొట్టానికీ మధ్య ఎంత ఎడం మిగిలిందో, అక్కడ అంత రాయి తీసేయాలన్నమాట. రెండు మిల్లీమీటర్లు మిగిలేలా చేతి బర్మాతో రంధ్రం చేసి, దాని అడుగున ఎర్ర పెన్సిల్‌తో చుక్క పెట్టండి. తర్వాత గడ్డం, కనుబొమలు, చెంపలు, చెవులు, తల వెనక. ఎత్తైన చోట్లు ముందు, లోతైనవి తర్వాత. చిన్న తలకు యాభై చుక్కలు చాలు. అన్నీ పెట్టాక చుక్కల మధ్యనున్నదాన్ని ఉలితో తీసేయండి. ఎర్ర చుక్క కనబడగానే ఆగండి. నడినెత్తి స్క్రూ ఉన్న చోటును మాత్రం బొడిపెలా వదిలి, అన్నిటికన్నా ఆఖరున తీయాలి. దిమ్మను తడిపి చెక్కితే దుమ్ము లేవదు.

హోస్మర్ వ్యాపారం నడిచింది ఈ సూది వల్లనే. తండ్రికి డబ్బు ఇబ్బంది వచ్చి, రోమ్‌లో ఖర్చు తగ్గించుకోమని రాసినప్పుడు ఆమె పక్ అనే చిలిపి బాలుడిని చేసింది. పుట్టగొడుగు మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంటాడు, ఒక చేతిలో పురుగు, మరో చేతి కింద బల్లి. దానికి సుమారు ముప్పై పాలరాతి ప్రతులు అమ్ముడయ్యాయి. ఒకటి వేల్స్ యువరాజు కొన్నాడు. ఒకే ప్లాస్టర్ మూలం నుంచి అన్ని పాలరాళ్లలోకి ఆ బాలుణ్ణి ఎక్కించడం పనివాళ్ల చేతి నైపుణ్యం. ఆమె వాళ్లను దాచలేదు. 1867లో తన శిల్పశాల పనివాళ్లందరి మధ్య నిలబడి ఫోటో తీయించుకుంది.

చివరి రెండు మిల్లీమీటర్లు

మీ దిమ్మ ఇప్పుడు ఒక తల. కొలత ప్రకారం అన్నీ ఉన్నాయి, అయినా ప్రాణం లేదు. పెదవుల మూల మొద్దుగా, కనురెప్ప పెంకులా ఉంటుంది. నేను ఈ దశకు వచ్చినప్పుడు మా అమ్మాయి పక్కన నిలబడి చూస్తోంది. ఆ తల తనదే. “అమ్మా, ఇది నువ్వు చేసినట్టా, సూది చేసినట్టా?” అని అడిగింది. “సూది ఎక్కడికి తాకాలో మట్టిలో ముందే చెప్పాను కదమ్మా” అన్నాను. అన్నాక, హోస్మర్ వ్యాసం మొత్తం చెప్పింది ఇదేనని తట్టింది. రూపం మట్టిలో పుడుతుంది. గిబ్సన్ కూడా ఆమె పక్షాన నిలబడ్డాడు. మగ శిల్పులందరూ ఇదే పద్ధతిలో పనిచేస్తుండగా ఆమె ఒక్కదాన్నే నిలదీశారు.

ఉలి పట్టడం ఆమెకు రాక కాదు. రోమ్ వెళ్లకముందే వాటర్‌టౌన్‌లో హెస్పర్ అనే స్త్రీ శిరస్సును పాలరాతిలో చెక్కింది. పనివాడు రాతి మూలలు మాత్రం కొట్టి ఇచ్చాడు, మిగిలినదంతా తనే. నాలుగున్నర పౌండ్ల సీసపు సుత్తితో రోజుకు ఎనిమిది పది గంటలు పనిచేసిందని అప్పటివాళ్లు రాశారు. వాటర్‌టౌన్ గ్రంథాలయంలో ఆ తల ఇప్పటికీ ఉంది. అదే రోమ్‌లో కొన్నేళ్ల తర్వాత అడుగుపెట్టిన మరో అమెరికన్ శిల్పి ఎడ్మోనియా లూయిస్ వేరే దారి పట్టింది. ఆమె తండ్రి నల్లజాతివాడు, తల్లి వైపు ఒజిబ్వే అనే అమెరికా ఆదివాసీ తెగ మూలాలు. తన పని తనది కాదనే మాట ఎవరూ అనకూడదని, చాలాకాలం రాయి కూడా స్వయంగా చెక్కుకుంది. ఇద్దరి జాగ్రత్త వెనకా ఉన్న అవమానం ఒకటే, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు రగులుతుంది.

ఇక గదిలో దీపాలన్నీ ఆర్పి, ఒక్క దీపాన్ని తలకు పక్కగా, కంటి ఎత్తులో పెట్టండి. ఎదుటి వెలుతురులో కనబడని గుంటలు, బొడిపెలు నీడలతో బయటపడతాయి. సన్న ఉలి, తర్వాత ఆకురాయి, చివర తడి ఇసుక కాగితం. అన్ని చోట్లా ఒకే నునుపు తేకండి. చెంప నున్నగా ఉండాలి, జుట్టులో ఉలి గీతలు నిలవాలి. పోతను పక్కనే ఉంచుకోండి గాని, ఇప్పుడు సూది వాడకండి, కంటితోనే చూడండి. కింది పెదవి కింద నీడ చాలడం లేదనిపిస్తే అక్కడ మట్టిలో చేసిన దానికన్నా ఇంకొంచెం లోతు తీయండి. ఆ నిర్ణయం మీదే.

వీలున్నవాళ్లు సెయింట్ లూయిస్‌లో లఫయెట్ పార్కుకు వెళ్లండి. అక్కడ హోస్మర్ చేసిన సెనేటర్ థామస్ హార్ట్ బెంటన్ కంచు విగ్రహం ఉంది, 1868లో ఆవిష్కరించారు. ఇండియా చేరాలంటే పడమటి వైపు రైలుదారి వేయాలని వాదించిన ఆయన మాటలు పీఠం మీద చెక్కి ఉన్నాయి: అదిగో తూర్పు, అదిగో ఇండియా. ముఖం మాత్రం పడమటికి తిరిగి ఉంటుంది. సాయంత్రం పూట వెళితే పక్క నుంచి ఎండ పడి, అంగీ మడతల్లో మట్టి మీద నడిచిన వేళ్ల జాడ బాగా కనబడుతుంది.

మీ తల చెక్కడం ముగిశాక వారం రోజులు నీడలో ఆరనివ్వండి. మెడ అడుగున మీ పేరు, సంవత్సరం గీయండి. అచ్చులోంచి తవ్విన మట్టిలో ప్లాస్టర్ ముక్కలు ఏరేసి, తడిపి, మూత గట్టిగా పెట్టి ఉంచండి, రెండో తలకు పనికొస్తుంది.